చేపల తొట్టితో ఫ్యూజన్ యాంటెన్నా కప్లింగ్

ఫ్యూజన్ కోసం ప్లాస్మాని (విద్యుదావేశమున్న అతి వేడి వాయువుని) అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే యంత్రం టోకమాక్. అందులో ప్లాస్మాని 50 మెగాహెర్ట్జ్ తరంగాలతో వేడి చేసేటప్పుడు కప్లింగ్‌కి, అంటే యాంటెన్నా శక్తి ప్లాస్మాలోకి చేరడానికి, అసలు తిప్పలన్నీ యాంటెన్నాకీ ప్లాస్మాకీ మధ్య ఉన్న కొద్ది సెంటీమీటర్ల సందులోనే. అక్కడ సాంద్రత చాలదు కాబట్టి తరంగం ముందుకు సాగదు, అడుగడుక్కీ సన్నగిల్లుతుంది. దీన్ని కంప్యూటర్‌కి అప్పజెప్పే ముందు, ప్లాస్మాకి బదులు ఉప్పునీళ్లు పెట్టి కొలిచి చూడటం మంచిది. ఇటర్ (ఫ్రాన్స్‌లో కడుతున్న అంతర్జాతీయ టోకమాక్) యాంటెన్నా చిన్న నమూనాలనూ నీటి తొట్టి ముందు పెట్టే పరీక్షించారు.

కొలతలు నాలుగో వంతుకి తగ్గించి, ఫ్రీక్వెన్సీ 200 మెగాహెర్ట్జ్‌కి పెంచండి. యాంటెన్నా పెట్టె 22×12×5 సెంటీమీటర్లు, ఒక వైపు తెరిచి ఉంటుంది. దానికి కాపర్ క్లాడ్ బోర్డు (రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు) తీసుకోండి, అల్యూమినియానికి టంకం పట్టదు. లోపల 7.5×2.5 సెంటీమీటర్ల రాగి పట్టీలు రెండు, వాటి మధ్యగీతల దూరం 10 సెంటీమీటర్లు. పట్టీకి ఒక కొస పెట్టెకి, రెండోది ఎస్ఎంఏ కనెక్టర్‌కి (కేబుల్ బిగించే చిన్న మర సాకెట్‌కి). పెట్టె నోటిని రెండడుగుల గాజు తొట్టికి ఆనించాలి.

తొట్టిలో 50 లీటర్ల నీళ్లకి 250 గ్రాముల ఉప్పు. వాహకత మీటరుకి దాదాపు 0.9 సీమెన్స్ వస్తుంది. బోరు నీళ్లయితే ముందే టీడీఎస్ చూసుకుని ఉప్పు తగ్గించండి. ఉప్పు లేని కుళాయి నీళ్లలో తరంగం అవతలి గోడ దాకా వెళ్లి తిరిగొస్తుంది, ఫ్రీక్వెన్సీ కాస్త జరిపితే చాలు రీడింగు గంతులేస్తుంది. సూర్యలంక బీచ్ నుంచి సముద్రపు నీళ్లు తెచ్చినా లాభం లేదు. తరంగం 1.6 సెంటీమీటర్లలోనే మూడో వంతుకి పడిపోతుంది, యాంటెన్నాకి అది లోహపు గోడలా అనిపించడం మొదలెడుతుంది. మన మే నెల ఎండల్లో థర్మామీటరు కూడా తొట్టిలోనే ఉంచండి, నీళ్లు 5 డిగ్రీలు వేడెక్కితే వాహకత 10 శాతం పెరుగుతుంది.

నానోవీఎన్ఏతో (రేడియో తరంగాలు కొలిచే చిన్న పరికరంతో) ఎస్11 (ఒక పట్టీ నుంచి తిరిగొచ్చే తరంగం), ఎస్21 (రెండో పట్టీకి చేరే తరంగం) కొలిచి, మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే పట్టీలు ఎదురు ఫేజ్‌లో ఉన్నప్పటి గామా (తిరిగొచ్చే తరంగం నిష్పత్తి) వస్తుంది. డెసిబెల్స్‌ని కాదు, సంకీర్ణ సంఖ్యలనే తీసేయాలి. యాంటెన్నా నుంచి ఎంత శక్తి బయటికి పోతోందో చెప్పే లోడింగ్ రెసిస్టెన్స్ = 50×(1−|గామా|)/(1+|గామా|). కాలిబ్రేషన్ మాత్రం కేబుల్ చివరే చేయాలి. 0.2 డెసిబెల్ కేబుల్ నష్టం లెక్కలోకి రాకపోతే అదొక్కటే 1.15 ఓమ్‌లుగా కనబడుతుంది, మీరు వెతికే విలువే ఒకటి రెండు ఓమ్‌లు! ఖాళీ తొట్టి ముందు వచ్చిన విలువనీ తీసేయండి, అది ఎక్కువగా రాగిలో పోయేది.

ప్లాస్మా ముందున్న సందుని పెంచినట్టుగా, పెట్టెకీ గాజుకీ మధ్య థర్మాకోల్ పలకలు చేర్చుతూ రెసిస్టెన్స్ గీత గీయండి. ఎదురు ఫేజ్‌లో ప్రతి సెంటీమీటరుకీ రెసిస్టెన్స్ దాదాపు సగమవుతుంది. ఒకే ఫేజ్‌లో అంతగా పడదు.

తర్వాత ఇదే పెట్టెని సిమ్యులేషన్‌లో పెట్టి, నీటికి పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు) 77, వాహకత 0.9 ఇవ్వండి. కొలిచిన గీత, లెక్కించిన గీత కలిస్తే మెష్ (లెక్కకి గీసిన గళ్లు), ఫీడ్ (యాంటెన్నాకి శక్తి ఇచ్చే చోటు) సరిగ్గా ఉన్నట్టే. ప్లాస్మా సంగతి మాత్రం ఇది చెప్పదు: నీళ్లకి అయస్కాంత దిశతో పనిలేదు. నీటి స్థానంలో కోల్డ్ ప్లాస్మా టెన్సర్ (దిశని బట్టి మారే ప్లాస్మా పర్మిటివిటీ) పెట్టేటప్పుడు సాంద్రతని సున్నా నుంచి మొదలెట్టకండి. దారిలో లోయర్ హైబ్రిడ్ రెసొనెన్స్ (తక్కువ సాంద్రత దగ్గర తరంగం ప్లాస్మాతో అనునాదించే పొర) తగిలి తరంగదైర్ఘ్యం మెష్ కంటే చిన్నదైపోతుంది, జవాబు మెష్‌ని బట్టి మారుతుంది. ఆ పొర దాటిన సాంద్రత నుంచి మొదలెట్టి, దానికి ముందంతా శూన్యమనే ఇవ్వండి.