ముసురు రోజు, పవర్ వీల్‌చైర్

గురువారం. రాత్రి నుంచి వదలని ముసురు. మూడింటి ప్రాంతంలో కరెంటు పోయి ఎప్పటికో వచ్చింది. ఇలాంటి రాత్రి తెల్లారితే పవర్ వీల్‌చైర్ దగ్గర మొదట చూడాల్సింది చార్జర్ మీది లైటు. ఆకుపచ్చగా ఉంటే బ్యాటరీలు నిండినట్టే. ఇంకా ఎర్రగానో నారింజ రంగులోనో ఉంటే కరెంటు లేనంతసేపూ చార్జింగ్ ఆగిందని అర్థం. బయల్దేరే వేళ దాకా అలాగే వదిలేయడం మేలు. లైటే వెలగకపోతే ప్లగ్గు వదులైందో, ఫ్యూజు పోయిందో చూసుకోవాలి. కుర్చీని నడిపే మీట, అంటే జాయ్‌స్టిక్, దాని మీద వెలిగే బ్యాటరీ గీతల్ని మాత్రం అప్పుడే నమ్మడానికి లేదు. కదలకుండా ఉన్న కుర్చీ ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తుంది. చదునైన చోట కాసేపు నడిపాక ఎన్ని గీతలు మిగిలాయో అదీ అసలు లెక్క. కంపెనీ కాగితం మీద రాసే కిలోమీటర్లు కొత్త బ్యాటరీకి, చదును నేలకి. మన రోడ్లకి అందులో సగమే అనుకుని బయల్దేరితే గొడవ ఉండదు.

మంచం మీంచి కుర్చీలోకి మారడానికి ఒక వరస ఉంది. కుర్చీని మంచానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, వీలైనంత దగ్గరగా తేవాలి. వెంటనే స్విచ్ ఆఫ్. తర్వాత ఫుట్‌రెస్టులు పక్కకి, మంచం వైపు చేతిపట్టె పైకి. ఫుట్‌రెస్టు మీద కాలు మోపి లేవబోతే బరువంతా ముందుకి పడి కుర్చీయే మీదికి ఒరుగుతుంది. కూర్చున్నాక బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద పడాలి. పొట్ట మీద పెడితే మనిషి కిందికి జారినప్పుడు బెల్టు పైకి పాకుతుంది.

స్విచ్ ఆపమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఈ కుర్చీల బ్రేకులు మోటార్లలోనే ఉంటాయి. కరెంటు అందితే విడిపోతాయి, అందకపోతే పట్టేస్తాయి. అందుకే బ్యాటరీ పూర్తిగా అయిపోయినా కుర్చీ వాలులో జారిపోదు. జాయ్‌స్టిక్ వదిలినా బ్రేకు పడుతుంది కదా, ఇంక స్విచ్ ఎందుకు ఆపడం అంటారు చాలామంది. పడుతుంది, నిజమే. కానీ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ జాయ్‌స్టిక్‌ని ఏది తాకినా కుర్చీ కదులుతుంది. చీర కొంగు, షర్టు చెయ్యి, ఒళ్లో పెట్టుకున్న సంచి, ముద్దు చేద్దామని వంగిన మేనమామ మోచెయ్యి, ఏదైనా సరే. నన్నడిగితే రోడ్డు మీద లారీకంటే, స్విచ్ ఆన్‌లోనే ఉంచి నిలిపిన కుర్చీకే ఎక్కువ భయపడాలి. రోడ్డు మీద కళ్లు వాటంతటవే తెరుచుకుని ఉంటాయి. ఇంట్లో ఉండవు.

ఇడ్లీ తినే టేబులు దగ్గర ఇది బాగా తెలుస్తుంది. చేతిపట్టె చివర ఉండే జాయ్‌స్టిక్ టేబులు అంచు కిందికి దూరిపోయి, దాని పిడి మాత్రం టేబులు పలక కింద అంచు వెంట ఉండే చెక్క పట్టీ అవతల నిలబడిందనుకోండి. లోపలికి వెళ్లేటప్పుడు ఏమీ కాదు. తినేసి వెనక్కి రాబోతే ఆ పట్టీ పిడిని ముందుకి లాగుతుంది. పిడి ముందుకి వంగితే కుర్చీ ముందుకే వెళుతుంది. టేబులు పొట్టకి నొక్కుకుంటుంది, మనిషి కంగారుపడి ఇంకా గట్టిగా వెనక్కి గుంజుతాడు, పిడి మాత్రం పట్టీ దగ్గరే ఇరుక్కుని ఉంటుంది. ఆ క్షణాన చెయ్యాల్సింది గుంజడం కాదు, ఆన్-ఆఫ్ బటన్ నొక్కడం. కళ్లు మూసుకుని కూడా ఆ బటన్ మీదికి వేలు వెళ్లేలా అలవాటు చేసుకోవాలి. దీనికి శాశ్వతమైన ఉపాయం జాయ్‌స్టిక్‌ని పక్కకి మడిచే బిగింపు. అన్ని కుర్చీలకీ అది రాదు, కొనేటప్పుడే అడగాలి. అది లేకపోతే టేబులు కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచుకోవచ్చు.

నడుస్తున్నప్పుడు మాత్రం ఆ బటన్ ఆఖరి అస్త్రం. మామూలుగా జాయ్‌స్టిక్ వదిలితే కుర్చీ వేగం తగ్గించుకుంటూ ఆగుతుంది. పరుగులో స్విచ్ ఆపితే బ్రేకులు ఒక్కసారిగా పట్టి మనిషి ముందుకి తూలుతాడు. బెల్టు లేకపోతే కింద పడతాడు.

ఇంక సెల్లార్ ర్యాంపు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ముందు గుమ్మం దగ్గర మెట్లే ఉంటాయి. కుర్చీ బయటికి రావాలంటే లిఫ్టులో సెల్లార్‌కి దిగి, కార్ల ర్యాంపు ఎక్కడమే దారి. వీల్‌చైర్ ర్యాంపుకి మన దేశ మార్గదర్శకాల్లో చెప్పే వాలు 1:12. అంటే 15 సెంటీమీటర్ల మెట్టుకి 180 సెంటీమీటర్ల పొడవు. సెల్లార్ లోతు 2.4 మీటర్లనుకుంటే దాదాపు 29 మీటర్ల ర్యాంపు కావాలి. అంత స్థలం ఏ బిల్డర్ వదులుతాడు? కారు ఎక్కితే చాలన్నట్టు కడతారు. 1:12 అంటే 5 డిగ్రీలు కూడా లేదు, 1:8 అయితే 7 దాటుతుంది. చాలా కుర్చీల మాన్యువల్‌లో 6 నుంచి 10 డిగ్రీల మధ్య ఒక హద్దు రాసి ఉంటుంది, దాన్ని దాటితే వెనక్కి తిరగబడే ప్రమాదం. ఫోన్లో వాలు కొలిచే ఆప్ ఉంటుంది. ర్యాంపు మీద ఒక చదునైన చెక్క వేసి, దాని మీద ఫోన్ పెట్టి చూడటానికి నిమిషం పట్టదు. ర్యాంపు మొదట్లోనూ చివర్లోనూ విడిగా కొలవాలి, వాలు అంతటా ఒకలా ఉండదు.

ఎక్కేటప్పుడు ఒళ్లు కాస్త ముందుకి, సీటు నిటారుగా. సీటు పైకి లేపే సౌకర్యం ఉన్న కుర్చీలో దాన్ని పూర్తిగా కిందికి దించాకే వాలు మీదికి వెళ్లాలి. వీపు వెనక సంచి తగిలించే అలవాటు ఇక్కడే దెబ్బ తీస్తుంది: లాప్‌టాప్, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా కలిసి బరువుని వెనక్కి లాగుతాయి. వెనక ఉండే చిన్న అడ్డు చక్రాలు సరిగ్గా ఇందుకే, కుర్చీ వెనక్కి తిరగబడకుండా. లిఫ్టులో అడ్డమొస్తున్నాయని వాటిని పైకి మడిచేసేవాళ్లున్నారు. మడిస్తే లిఫ్టు దాటగానే మళ్లీ దించాలి. దిగేటప్పుడు వేగం అన్నిటికంటే తక్కువైన ఒకటో నంబరులో, తిన్నగా కిందికి. వాలుకి అడ్డంగా తిప్పితే పక్కకి ఒరిగే అవకాశం ఎక్కువ.

వాచ్‌మన్ సాయం చేద్దామని వెనక నుంచి వచ్చి మోటారు దగ్గరి లివర్ తిప్పాడంటే మాత్రం అరిచైనా ఆపాలి. ఆ లివర్ బ్రేకులకీ చక్రాలకీ సంబంధం తెంపేస్తుంది. కుర్చీని చేత్తో తోయడానికి వీలుగా పెట్టారు, చదునులో మాత్రమే వాడాలి. కుర్చీ, మనిషి కలిసి 120 కిలోలు దాటడం మామూలే. ఆ బరువుని వాలులో ఒక్కడు పట్టలేడు. లివర్ సగంలో ఉండిపోతే కుర్చీ కదలదు, జాయ్‌స్టిక్ మీద లైట్లు మిణుకుతాయి. చెడిపోయిందని బెంగపడే ముందు రెండు లివర్లూ టక్కుమని పడేదాకా యథాస్థానానికి తిప్పి, స్విచ్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే సగం కేసుల్లో బండి కదులుతుంది.

వర్షంలో జాయ్‌స్టిక్ మొదలు దగ్గర ఉండే నల్ల రబ్బరు తొడుగు మీదే భారం. అది అకార్డియన్ మడతల్లా ఉంటుంది. మడతల మధ్య వెంట్రుకంత చీలిక వచ్చినా నీళ్లు లోపలికి దిగుతాయి, కుర్చీ తనంతట తాను వంకరగా లాగడం మొదలుపెడుతుంది. వేలితో మడతల్ని విప్పి చూస్తేగాని ఆ చీలిక కనపడదు. జాయ్‌స్టిక్ మొత్తానికి పలచని ప్లాస్టిక్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. సంచి బిగుతుగా ఉండి పిడిని ఒక పక్కకి లాగకుండా చూసుకోవాలి. ఆన్ చేసేటప్పుడు పిడి నడుమ లేకపోతే చాలా కుర్చీలు కదలడానికి ఒప్పుకోవు కూడా.

నిలిచిన నీళ్లలోకి వెళ్లకపోవడమే మంచిది. అడుగున మ్యాన్‌హోల్ ఉందో, గుంత ఉందో పైనుంచి తెలియదు. ఫుట్‌పాత్ చివర బైకులు ఎక్కకుండా పాతిన స్తంభాలు కుర్చీని కూడా రోడ్డు మీదికే తోస్తాయి. ఫుట్‌పాత్ లేని చోట కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా వెళ్లాలి. రివర్సు వచ్చే కారు డ్రైవరుకి కూర్చున్న మనిషి తల అద్దంలో కనపడకపోవచ్చు. కుర్చీ వెనక పొడుగాటి పుల్లకి నారింజ జెండా, అటూ ఇటూ మెరిసే టేపు పెట్టుకుంటే కొంత నయం. కాలవల మీద బండల మధ్య సందుల్ని ఏటవాలుగా దాటకూడదు. ముందు చిన్న చక్రం పక్కకి తిరిగి సందులో దిగబడుతుంది. సూటిగా, నెమ్మదిగా, కానీ మధ్యలో ఆగకుండా దాటాలి.

మెట్రోలోనూ అదే సూత్రం. ప్లాట్‌ఫారానికీ బోగీకీ మధ్య సందుని తలుపుకి సూటిగా దాటి, వీల్‌చైర్ చోటుకి వెళ్లి స్విచ్ ఆపేయాలి. ఈ రోజులాంటి తడి రోజున స్టేషన్ గ్రానైట్ మీద టైర్లు జారతాయి. ఒకటో నంబరు వేగం చాలు.

గంటల తరబడి కూర్చునే పని ఉన్న రోజున అరగంటకోసారి బరువు మార్చుకోవాలి. సీటు వెనక్కి వాలితే వాల్చి, లేకపోతే పక్కలకి ఒరిగి, ఒకటి రెండు నిమిషాలు. స్పర్శ లేనివాళ్లకి చర్మం చెడటం మొదట తెలియదు. ఎండల్లో ఇంకొకటి: ఆరుబయట వదిలేసిన కుర్చీలో నల్ల రెగ్జిన్, ఇనుము ఒళ్లు కాల్చేంత వేడెక్కుతాయి. చేత్తో ముట్టి చూశాకే కూర్చోవాలి.

కింద పడిన పెన్ను తీసుకోవాలంటే ముందుగా కుర్చీని కొంచెం వెనక్కి జరపండి. అప్పుడు ముందు చక్రాలు ముందుకి తిరిగి నిలుస్తాయి, ఆనుకునే నేల పొడవు పెరుగుతుంది. తర్వాత స్విచ్ ఆపి, పక్క నుంచి వంగాలి, మోకాళ్ల మధ్య నుంచి కాదు.

సాయంత్రం ఇంటికొచ్చాక తడి గుడ్డతో బురద తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. బైకులు కడిగే చోట పైపు కొట్టించడం మోటార్లకి చేటు. ముందు చక్రాల ఇరుసుల చుట్టూ జుట్టు, దారాలు చుట్టుకుంటాయి. కత్తెర మొనతో కోసి లాగకపోతే బేరింగు పాడవుతుంది. కుర్చీ ఒక వైపే లాగుతుంటే మొదట రెండు పక్కల టైర్లలోనూ గాలి సమానంగా ఉందో లేదో చూడాలి. ఎంత పెట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

చార్జింగ్ పెట్టే ముందు తడి పూర్తిగా ఆరాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఆ రోజు కొంచెమే వాడినా రాత్రికి నింపేయాలి. 8 నుంచి 10 గంటలు పడుతుంది. ఖాళీగా వదిలేస్తే లోపల సల్ఫేటు గట్టిపడి పట్టే సామర్థ్యమే తగ్గిపోతుంది. రెండు బ్యాటరీల్లో ఒకటే పోయినా రెండూ కలిపే మార్చాలి, పాతది కొత్తదాన్ని కిందికి లాగుతుంది. లిథియం అయితే ఎండలోంచి వచ్చిన వెంటనే తగిలించకుండా చల్లారనివ్వాలి. ఉబ్బినదాన్ని అసలు తగిలించకూడదు. చార్జర్‌ని మంచం మీద, దుప్పటి కింద పెట్టవద్దు. బయటికి వెళ్లే గుమ్మానికి అడ్డంగా కూడా వద్దు, ఏదైనా అంటుకుంటే దారి అదే కాబట్టి. గాలి ఆడే గది, గట్టి నేల, కుర్చీకి వచ్చిన చార్జరే.

సర్వీసు మనిషికి ఫోన్ చేసేటప్పుడు "కదలట్లేదండీ" అంటే అతనికి ఏమీ తెలియదు. లైటు ఎన్నిసార్లు మిణికి ఆగుతోందో లెక్కపెట్టి ఆ సంఖ్య చెబితే బ్యాటరీయా, బ్రేకా, జాయ్‌స్టికా అన్నది అక్కడి నుంచే చెప్పగలడు. మాన్యువల్ చివరి పేజీల్లో ఆ పట్టిక ఉంటుంది. దాని జిరాక్సు ఒకటి సీటు వెనక జేబులో పెట్టుకోవచ్చు.