ఫ్లూ టీకా ఎన్నాళ్లు కాస్తుంది?

ఫ్లూ టీకా ఏడాదికోసారి వేస్తారు కాబట్టి రక్షణ కూడా ఏడాదంతా ఉంటుందని చాలామంది లెక్కేసుకుంటారు. అది నిజం కాదు. గట్టిగా నమ్ముకోదగ్గది సుమారు ఆరు నెలలే. ఆ గడువు దాటితే రక్షణ ఒక్కసారిగా పోదు, నెలనెలా కరుగుతూ వస్తుంది. 65 దాటినవాళ్లలో ఇంకా త్వరగా తగ్గుతుంది. ఫ్లూ వైరస్‌లో ఒకటైన హెచ్3ఎన్2 రకం మీద కూడా అంతే.

సూది వేసిన రోజే రక్షణ మొదలవదు. వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో తయారవడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోపు వైరస్ సోకితే జబ్బు చేస్తుంది, నింద టీకా మీద పడుతుంది. సూది మందులో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు.

అందుకే ఎప్పుడు వేయించుకున్నామన్నది ముఖ్యం. ఉత్తరార్ధగోళపు చలి దేశాల్లో ఫ్లూ ఎక్కువగా డిసెంబర్, ఫిబ్రవరి మధ్య విజృంభిస్తుంది. అక్కడివాళ్లకు సెప్టెంబర్, అక్టోబర్ సరైన అదను. జులైలోనే వేయించుకుంటే, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు, అసలు అవసరమైన వేళకు బలం తగ్గిపోతుంది. ఏడో నెల దాటిన గర్భిణుల సంగతి వేరు. తల్లి నుంచి యాంటీబాడీలు బిడ్డకు చేరతాయి, ఆరు నెలల లోపు పసివాళ్లకు నేరుగా టీకా వేయరు కాబట్టి వాళ్లకు అదే ఆసరా. ఆ తల్లులు ముందే వేయించుకోవచ్చు.

పిల్లల విషయంలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే: ఆరు నెలల నుంచి తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తుంటే కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి. రెండోదాని తర్వాత మరో రెండు వారాలు. అంటే పూర్తి రక్షణకు ఆరు వారాలు, కాబట్టి టీకా రాగానే మొదలుపెట్టాలి.

యాంటీబాడీలు మిగిలున్నా పాత టీకా సరిపోదు, వైరస్ రూపు మార్చుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి ఏ రకాలు కలపాలో సూచిస్తుంది. కాబట్టి పెట్టె మీద ఏ సీజన్‌దో, ఏ అర్ధగోళానిదో చూడండి. నిల్వ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే.

65 దాటినవాళ్లకు హై డోస్ టీకా దొరికితే అదే మేలు. మామూలు దాంట్లో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల యాంటిజెన్ (ఒంటికి వైరస్‌ను గుర్తుపట్టడం నేర్పే పదార్థం) ఉంటే, అందులో 60 ఉంటుంది. రక్షణ తగ్గుతోందని పెద్దవాళ్లు అదే సీజన్‌లో రెండో డోసు వేయించుకోవాలని మాత్రం ఎవరూ సిఫారసు చేయరు. అసలు వేయించుకోనివాళ్లు ఆలస్యమైందని మానుకోకండి, వైరస్ తిరుగుతున్నంత కాలం జనవరిలోనైనా వేయించుకోవచ్చు.