ఫైల్ అక్కడే ఉంది, స్క్రిప్ట్ మాత్రం లేదంటుంది: నా అనుభవం

భీమవరంలో రొయ్యలు కొనే ఒక కంపెనీలో కంప్యూటర్ల పని చూస్తాను. చెరువు దగ్గర పట్టుబడి అయ్యాక కౌంటు, తూకం వివరాలు ఒక ఫైల్‌గా సర్వర్‌లోకి వస్తాయి. రాత్రి క్రాన్‌లో (చెప్పిన టైమ్‌కి పనుల్ని దానంతటదే నడిపే లినక్స్ ఏర్పాటు) నడిచే నా షెల్ స్క్రిప్ట్ (వరసగా నడిచే కమాండ్ల ఫైల్) దాన్ని చూసుకుని అకౌంట్స్‌కి పంపాలి. అది వెళ్లకపోతే రైతు బిల్లు ఆగిపోతుంది.

ఫైల్ ఉందో లేదో చూసే టెస్ట్ స్క్రిప్ట్‌లో రాయడం తేలికే. ఉందా అంటే మైనస్ ఈ, మామూలు ఫైలేనా అంటే మైనస్ ఎఫ్, చదవొచ్చా అంటే మైనస్ ఆర్. ఫైల్ పేరు ఉండే వేరియబుల్‌ని మాత్రం డబుల్ కోట్స్‌లో పెట్టండి. కోట్స్ లేకుండా అది ఖాళీగా ఉంటే మైనస్ ఎఫ్ కూడా ‘అవును’ అనేస్తుంది.

కొత్త సర్వర్ పెట్టాక మొదలైంది తలనొప్పి. లాగ్‌లో ‘ఫైల్ లేదు’. సుడోతో, అంటే అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా నడిపితే అదే స్క్రిప్ట్ ‘ఉంది’ అంటుంది. “కళ్లెదురుగా ఉన్న ఫైల్ మీ ప్రోగ్రామ్‌కి కనబడదాండీ?” అని గుమస్తాగారు అందరి ముందూ అడిగారు. బిల్లు కోసం వచ్చిన రైతు అక్కడే కూర్చుని ఉన్నాడు. తలెత్తుకోలేకపోయాను. సర్వర్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే “సీహెచ్‌మాడ్ 777 కొట్టేయండి సార్” అన్నారు. అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చేసే కమాండ్. రైతుల బ్యాంకు ఖాతా నంబర్లున్న ఫైల్‌ని ఎవరుపడితే వాళ్లు మార్చుకునేలా తెరిచి పెట్టాలా? కొట్టలేదు. ఫైల్‌కి అది కొట్టినా పనయ్యేది కాదు.

నేమీ మైనస్ ఎల్ అని కొట్టి ఫైల్ పూర్తి పాత్ ఇచ్చాను. దారిలో ఉన్న ఒక్కో డైరెక్టరీ (ఫోల్డర్) పర్మిషన్ వరసగా చూపించింది. ఫైల్‌కి 644, అందరూ చదవొచ్చు. దాని పైనున్న, ఫైల్ పెట్టే యూజర్ హోమ్ డైరెక్టరీకి 750, అంటే ఆ యూజర్‌కీ, అతని గ్రూపుకీ తప్ప ఇంకెవరికీ ఏ పర్మిషనూ లేదు! సర్వర్‌లో ఉన్న లినక్స్ ఉబుంటు; దాని 21.04 వెర్షన్ నుంచి కొత్త యూజర్ల హోమ్ డైరెక్టరీలు అలాగే వస్తాయి, మా పాత సర్వర్‌లో 755 ఉండేది. డైరెక్టరీ మీద ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేని యూజర్ దాన్ని దాటి లోపలికి వెళ్లలేడు. అప్పుడు మైనస్ ఈ కూడా ‘లేదు’ అనే చెబుతుంది. రూట్‌కి ఆ అడ్డు లేదు. అందుకే టెస్ట్ చేసేటప్పుడు ఉత్త సుడో వద్దు, సుడో మైనస్ యూ పెట్టి క్రాన్ యూజర్ పేరుతోనే నడపండి.

తూకం ఫైళ్లకి వేరే డైరెక్టరీ పెట్టి, ఫైల్ పెట్టే యూజర్‌నీ, క్రాన్ యూజర్‌నీ ఒకే గ్రూపులో చేర్చాను. స్క్రిప్ట్ ఇప్పుడు ముందు డైరెక్టరీకి మైనస్ ఎక్స్ చూస్తుంది. అది లేకపోతే ‘లోపలికి వెళ్లే పర్మిషన్ లేదు’ అని లాగ్‌లో రాస్తుంది. ఆ రాత్రే ఫైల్ వెళ్లింది, మర్నాడు రైతు బిల్లు పాసైంది. ఆ సర్వర్‌వాళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు మాత్రం రెన్యువల్ చెయ్యొద్దని ఓనర్‌గారికి చెప్పేశాను.