చార్మినార్ రూపాయి కొనేముందు

నిజాం రూపాయి చేతికి రాగానే చాలామంది ఏ సంవత్సరమో వెతుకుతారు. అంతకంటే ముందు చార్మినార్ బొమ్మలో మధ్య ద్వారం చూడాలి. అందులో ‘మీమ్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాణెం, ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ తొలి నాణేల్లో ఐన్ సగమే కనిపిస్తుంది. ఇస్లామీ కాలమానం హిజ్రీ 1330లో పూర్తి అక్షరం వచ్చింది కాబట్టి ఆ ఏడాదికి రెండు రకాలూ ఉన్నాయి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో గుట్టపోసి అమ్మేవాళ్లలో ఈ తేడా చూసేవాళ్లు తక్కువ. మీరు చూడండి.

పైన ఉండే 92 సంవత్సరం కాదు, అక్షరాలకు అంకెలిచ్చే అబ్జద్ లెక్కలో మహమ్మద్ పేరు విలువ. పారశీ అంకెల్లో సున్నా ఒట్టి చుక్కే, అరిగిన నాణెం మీద మురికి అనుకుంటారు. 2కీ 3కీ తేడా ఒక్క పన్ను. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం వస్తుంది: 1343 అంటే 1924-25. రెండో వైపు ఏలుబడి సంవత్సరం ఉంటుంది. ఉస్మాన్ నాణెమైతే హిజ్రీలోంచి 1329 తీసేస్తే ఒకటి అటూ ఇటూగా అదే రావాలి. రాకపోతే పక్కన పెట్టేయండి.

ఇక తూకం. హాలీ, అంటే నిజాం రూపాయి, 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాములు. కల్దార్, అంటే బ్రిటిష్ రూపాయి, 11.66 గ్రాములు, 91.7 శాతం. 7 హాలీలకు 6 కల్దార్లు అన్న పాత మారకం ఎక్కడిదో ఈ వెండి లెక్క చూస్తే తెలిసిపోతుంది. బాగా అరిగిన నాణెం కొంచెం తక్కువ తూగడం మామూలే. ఎక్కువ తూగితే మాత్రం అనుమానించాలి.

తూకం సరిపోయినంత మాత్రాన వెండి అని కాదు. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్న దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. నాణెం పక్కకు నెట్టిన నీటి బరువే త్రాసు చూపుతుంది, హాలీ రూపాయికి అది దాదాపు 1.10 గ్రాములు ఉండాలి. 1.25 దాటితే ఇత్తడో, రాగి-నికెలో. 1.15 దగ్గర ఆగితే తొందరపడి నకిలీ అనకండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి రూపాయిల్లో వెండి 50 శాతానికి తగ్గింది, సంవత్సరం మళ్లీ చూడండి. నాణేనికి గాలిబుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, దారాన్ని మెల్లగా కదిపి రాల్చాలి.

అసలుదే అయినా ఇంకో గొడవ ఉంది. మన ఇళ్లలో రూపాయిల్ని దండల్లో గుచ్చారు, కొక్కేలు అతికించారు. ఆ రంధ్రం పూడ్చి టంకం అరగదీసి అమ్ముతారు. 10 రెట్లు చూపే భూతద్దంతో అంచు చుట్టూ, ముఖ్యంగా చార్మినార్ శిఖరాల పైన వెతకండి. అంచు గీట్లు ఒకచోట చదునుగా ఉన్నా, అక్కడ వెండి రంగు మారినా పాత టంకమే. అలాంటిదానికి వెండి ధర మించి ఇవ్వకండి. పోతపోసిన నకిలీకైతే అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, బొమ్మలూ అక్షరాలూ లేని ఖాళీ జాగాలో సూదిమొన గుంటలు ఉంటాయి. రాముడి పట్టాభిషేకంతో ఉండే ఈస్ట్ ఇండియా కంపెనీ ‘నాణేలు’, బియ్యం లాగుతాయనే రైస్ పుల్లింగ్ సరుకు జోలికి అసలు పోవద్దు. కంపెనీ అలాంటివి ముద్రించనే లేదు.

నాణేన్ని తోమడానికి చింతపండు, పళ్లపొడి, సబీనా వద్దు. నల్లబడిన పొర ఉంటేనే సేకర్తలు ఎక్కువిస్తారు. జిడ్డుంటే అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా నూలుగుడ్డతో అద్దితే చాలు. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు వదులుతాయి. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ పొరతో కిటికీ ఉన్న అట్టల్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ సంచి వేయండి.

నేలలో దొరికినదాన్ని కొనకండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం గురించి కలెక్టరుకు తెలపాలి. 1972 పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. హిజ్రీ 1343 వాటికి నూరేళ్లు నిండాయి. అమెరికాలో ఉన్న మనవడికి పంపాలనుకుంటే ముందు తేదీ లెక్క వేసుకోండి.