నాకౌట్ లేన్‌లో బ్యాండ్ వస్తే

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముడొకడు ఫోన్ చేశాడు. కణాల్లో ఒక ప్రొటీన్ ఉందో లేదో వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో చూస్తున్నాడు. అందులో ప్రొటీన్లను సైజు ప్రకారం విడదీసి, మనకు కావాల్సిన ప్రొటీన్‌కే అతుక్కోవాల్సిన యాంటీబాడీని వేస్తాం, అది అతుక్కున్న చోట బ్యాండ్ అనే గీత కనిపిస్తుంది. "అక్కా, బ్యాండ్ సరిగ్గా రావాల్సిన సైజులోనే వచ్చింది. ఇంకేం అనుమానం?" అన్నాడు. సైజు కుదిరితే చాలదురా అన్నాను. అదే సైజులో వేరే ప్రొటీన్లు కూడా ఉంటాయి.

నేను పనిచేసే మాంట్రియల్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఏఎల్ఎస్ జబ్బుకీ సి9ఓఆర్ఎఫ్72 అనే జన్యువుకీ సంబంధం ఉందని 2011లో బయటపడింది. ఒళ్లంతా కండరాలు చచ్చుబడిపోయే జబ్బు కదా, ఎన్నో ల్యాబులు ఆ ప్రొటీన్ మీద పడ్డాయి. 2019లో ఇక్కడి మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం నాకౌట్ కణాలతో, అంటే ఆ జన్యువు తీసేసిన కణాలతో, పరీక్షించి చూస్తే, అప్పటికే పేపర్లలో వాడేసిన యాంటీబాడీల్లో కొన్ని అసలు ఆ ప్రొటీన్‌ని పట్టుకోవడమే లేదు. 2023లో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనంలో 65 ప్రొటీన్లకు 614 యాంటీబాడీలు పరీక్షించారు. పనిచేయని యాంటీబాడీతో తీసిన డేటా, సగటున ఒక్కో ప్రొటీన్‌కి 12 పేపర్లలో కనిపించింది. ఆ పేపర్లను నమ్ముకుని మొదలైన పనుల గురించి ఆలోచిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పరీక్ష మాత్రం సూటిగా ఉంటుంది. జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో జన్యువు తీసేసిన కణాల శాంపిల్ బ్లాట్‌లో ఒక లేన్‌లో, అంటే ఒక వరుసలో, మామూలు కణాలది పక్క లేన్‌లో. అసలు ఆ ప్రొటీనే లేని నాకౌట్ లేన్‌లోనూ అదే బ్యాండ్ వచ్చిందంటే ఆ యాంటీబాడీని పక్కన పెట్టేయడమే.

నాకు ఇంకా నచ్చేది మైక్రోస్కోప్ కింద చేసే పద్ధతి. మామూలు కణాలకు ఒక రంగు, నాకౌట్ కణాలకు వేరే రంగు ఎక్కించి, రెండింటినీ కలిపి ఒకే గిన్నెలో పెంచుతాం. యాంటీబాడీ, వెలుతురు, ఎక్స్‌పోజర్ అన్నీ రెండింటికీ ఒకటే కాబట్టి సాకులకు చోటు ఉండదు. మామూలు కణాలు మెరిసి, వాటిని ఆనుకుని ఉన్న నాకౌట్ కణాలు నల్లగా ఉండిపోతే మంచి యాంటీబాడీ దొరికినట్టే. అయితే బ్లాట్‌లో నెగ్గింది ఇక్కడా నెగ్గుతుందని నమ్మకం లేదు, దేనికది పరీక్షించాల్సిందే.

పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ పరిశోధకులుగా ఇక్కడికి వచ్చిన మనవాళ్లకు ఇది చెప్పినంత తేలిక కాదు. కాంట్రాక్ట్ ఏడాదికోసారి పొడిగిస్తారు, వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతుంటుంది, బాస్‌కి పేపర్‌లో పెట్టే ఫిగర్ కావాలి. ఆ టెన్షన్‌లో చేతికొచ్చిన చక్కటి బ్యాండ్‌ని అనుమానించాలంటే చాలా గుండెధైర్యం కావాలి. తెలిసిన ఒకమ్మాయి మీటింగ్‌లో నాకౌట్ బ్లాట్ చూపించి, "ఇన్నాళ్లూ మనం చూసింది వేరే ప్రొటీన్" అని చెప్పింది. ఆ గదిలో అందరికన్నా జూనియర్ ఆమే. నాకు ఆమె అంటే ఎంతో గౌరవం.

తమ్ముడి ల్యాబ్‌లో నాకౌట్ కణాలు లేవు, కొనే బడ్జెట్టూ లేదు. జన్యువు నుంచి ప్రొటీన్ తయారవడాన్ని అడ్డుకునే ఎస్ఐఆర్ఎన్ఏ అనే చిన్న ఆర్ఎన్ఏతో ప్రొటీన్ తగ్గించి, బ్యాండ్ కూడా తగ్గుతుందేమో చూడమన్నాను. బ్యాండ్ తగ్గలేదు. ఇప్పుడు వేరే యాంటీబాడీ చూస్తున్నాడు. ఈసారి ఆర్డర్ పెట్టకముందే యాంటీబాడీలను పరీక్షించే వైకారోస్ వాళ్లు ఉచితంగా పెట్టిన నాకౌట్ రిపోర్టులు చదువుతున్నాడు, కంపెనీని కూడా నాకౌట్ డేటా పంపమని అడిగాడు.