కంప్యూటరంటే భయమా, మాకా?

‘ఈ కాలం నర్సింగ్ పిల్లలకి వార్డులో కంప్యూటరంటే బద్ధకం’ అని సీనియర్ సిస్టర్ల కంప్లైంటు. నేనొప్పుకోను. బెంగళూరులో మా బ్యాచ్‌లో సగం మంది అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు వాళ్లమే. చేతిలో ఫోన్ లేనిదే ముద్ద దిగదు మాకు! 2021లో నర్సింగ్ కౌన్సిల్ మార్చిన బీఎస్సీ సిలబస్‌లో ఇన్ఫర్మాటిక్స్, అంటే ఆరోగ్య సేవల్లో కంప్యూటర్ వాడకం, ఒక సబ్జెక్టు కూడాను.

మా చిరాకంతా డబుల్ పని మీద. బీపీ, పల్స్, టెంపరేచర్ ముందు చార్టులో రాయాలి, మళ్లీ అవే అంకెలు సిస్టమ్‌లో కొట్టాలి. వార్డు మొత్తానికి ఒకటే కంప్యూటర్, దానికి డాక్టర్లతో పోటీ. నైట్ డ్యూటీలో సర్వర్ మొరాయించిందా, ఇక చెప్పక్కర్లేదు.

పేషెంట్ చేతికి కట్టే పేరు పట్టీ మీద బార్‌కోడ్ స్కాన్ చేసి మందివ్వడం మాత్రం నాకు భలే ఇష్టం. మొన్న పక్కపక్క బెడ్లలో ఒకే పేరున్న పెద్దమ్మలిద్దరు. ఇద్దరికీ షుగరే, ఇన్సులిన్ డోసులు వేరు. స్కానర్ కుయ్‌మని సరైన పేషెంటని చెప్పాకే సిరంజి పట్టుకున్నా. ఒకావిడైతే ‘పాపా, నాకు రేటు చూస్తున్నావా?’ అని నవ్వింది.

క్లాసులో ఎక్సెల్ నేర్పే గంటల్లో సగం వార్డులో వాడే హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వమని మేడమ్‌ని అడగాలి. ఎవరెవరు వస్తారు నాతో?