ఉగాది ఎండలో మల్లన్న దారి

మాది ఎమ్మిగనూరు. ఏటా ఉగాదికి ముందు రాయచూరు, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి కన్నడ భక్తులు మా ఊరి మీదుగా శ్రీశైలానికి నడిచిపోతారు. కొందరి భుజం మీద కంబి, అంటే కావడి, కొందరి నెత్తిన మూట, అందరి నోటా మల్లయ్య పేరు. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. పండక్కి ఆడపడుచు ఇంటికి చీర, పసుపు, కుంకుమ తీసుకుపోవాలి కదా, అందుకే ఈ నడక. చిన్నప్పటి నుంచి మేము మా వీధి చివర నిలబడి వాళ్లకు మజ్జిగ పోసేవాళ్లం. నడిచే వాళ్ల కాళ్లు చూసేవాణ్ణి గానీ, ఆ దారిలో నడవలేదు.

2024లో బయలుదేరాను. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. కొన్నేళ్లు మార్చిలోనే వచ్చే పండగ అంత ఆలస్యమైతే ఏమవుతుందో రాయలసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పటికే పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతోంది. మా మేనమామ అప్పటికి నాలుగుసార్లు నడిచిన మనిషి. "అల్లుడా, ఈసారి ఎండ ఎక్కువుంది, వచ్చే ఏడు పోదువులే" అన్నాడు. నేను వినలేదు. మాది మగ్గం పని చేసే ఇల్లు. రోజంతా గుంటమగ్గంలో కూర్చుని నేస్తాను. ఆ కూర్చున్న కాళ్లతోనే ఒకసారి మల్లన్న దగ్గరికి పోవాలని మొక్కుకున్నాను.

ఏప్రిల్ 1న పూజ చేసుకుని, ఇంట్లో ఉగ్గాని తిని, తీరిగ్గా ఎనిమిదింటికి బయటపడ్డాం. అదే తప్పు. పదకొండుకల్లా తారు రోడ్డు వేడి చెప్పుల అడుగు దాటి అరికాలికి తగలడం మొదలైంది. రెండు పక్కలా కోత అయిపోయిన నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. నీడ కోసం చూస్తే తుమ్మచెట్లు. తుమ్మచెట్టు కింద నీడ జల్లెడలో పోసిన నీళ్ల లాంటిది. రెండో రోజు మధ్యాహ్నం మామ ఒక చావిడి దగ్గర ఆగుదామన్నాడు. ముందు పోతున్న గుంపును అందుకోవాలని నేను ఒక్కణ్ణే కదిలాను. బాటిల్‌లో చల్లని నీళ్లు ఉన్నాయన్న ధైర్యం.

గంట నడిచాక ఒంటి మీద రోమాలు నిక్కపొడుచుకున్నాయి. అంత ఎండలో చలి పుట్టింది. నీళ్లు తాగితే వాంతి. రోడ్డు అటూ ఇటూ ఊగుతోంది. ఎవరో రెక్క పట్టుకుని వేపచెట్టు కిందికి లాగారు. డెబ్బై దగ్గర పడిన ఒక కన్నడ అవ్వ, ఆమె గుంపులోని ఇద్దరు మగవాళ్లు. తువ్వాలు తడిపి నా మెడ మీద, చంకల కింద పెట్టారు. ఆ అవ్వ తన చెంబులో నీళ్లకు ఉప్పు, బెల్లం, ఒక నిమ్మకాయ కలిపి, ఒక్కో గుక్కే తాగించింది. గటగటా తాగబోతే చెంబు లాక్కుంది. "బిసిల్ కూడ జగళ బ్యాడ తమ్మా" అంది. ఎండతో జగడం వద్దు తమ్ముడూ అని.

వెనకే వచ్చి మామ నన్ను కలిశాడు. అక్కడి నుంచి మామా నేనూ వాళ్ల గుంపులోనే నడిచాం. నేను ఆమెను అవ్వా అని పిలిచాను. ఆమె ఊళ్లో అవ్వ అంటే అమ్మట. మాకు అవ్వ అంటే నానమ్మ, అమ్మమ్మ. రెండూ ఆమెకు తగినవే.

వాళ్ల నడకకు ఒక పద్ధతి ఉంది. తెల్లవారుజామున రెండింటికి లేస్తారు. తొమ్మిదిన్నరకల్లా ఎక్కడ నీడ దొరికితే అక్కడ ఆగిపోతారు. మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే అడుగు. మధ్యలో నిద్ర, కడక్ జొన్నరొట్టె, వేరుశనగ పొడి, దారిలో ఎవరైనా పోస్తే మజ్జిగ, అంబలి. మొదటి తెల్లవారుజామున ఆకాశంలో సగం చంద్రుడున్నాడు. ఉగాది అమావాస్య మర్నాడే కాబట్టి ఆ వెలుగు రోజురోజుకూ తరిగిపోతుంది. క్యాలెండర్ చూడకుండానే ఇంకెన్ని రోజులుందో చంద్రుణ్ణి చూసి చెప్పేది అవ్వ.

కాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తర్వాత నడిచేవాళ్లకు పనికొస్తుంది. మూడో రోజుకు నా రెండు మడమల మీద, చిటికెన వేళ్ల పక్కన బొబ్బలు లేచాయి. సూదితో గుచ్చబోతే మామ చెయ్యి పట్టుకున్నాడు. తోలు ఊడకుండా, మెత్తటి పాత నూలుగుడ్డ చుట్టి కట్టాడు. దానికంటే బాధపెట్టింది తొడల రాపిడి. చెమట, ఉప్పు, దుమ్ము కలిసి ఒరుసుకుపోయి అడుగు తీస్తే కారం పూసినట్టుండేది. ప్యాంటు మూటలో పెట్టేసి పాత నూలు పంచె కట్టాను. పొద్దున, సాయంత్రం కొబ్బరినూనె రాశాను. కొత్త బట్ట, కొత్త చెప్పులు ఈ దారికి పనికిరావు. బట్ట నేసేవాణ్ణి అయ్యుండీ ఈ మాట అనుభవించి తెలుసుకున్నాను. చెప్పులు లేకుండా నడిచేవాళ్లు కొందరు అరికాళ్లకు గోనెపట్ట కట్టుకున్నారు. వాళ్లను చూస్తే నా బొబ్బల గురించి మాట్లాడటానికి నోరు రాలేదు.

కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు. ఈ ఊళ్లన్నీ నాకు చీకట్లోనే గుర్తున్నాయి. నీళ్లు లేని కేసీ (కర్నూలు-కడప) కాలువ, లారీల లైట్లు, ముందు నడిచే ఆడవాళ్ల పాట. 12వ శతాబ్దంలో శివభక్త కవయిత్రి అక్కమహాదేవి కూడా కన్నడ దేశం నుంచి ఈ మల్లన్న కోసమే నడిచి వచ్చింది. ఆమె వచనాల్లో చెన్నమల్లికార్జున అనే పిలుపు వచ్చినప్పుడల్లా ఆడవాళ్ల గొంతు పెరిగేది, దాంతోపాటే అడుగు వేగం కూడా.

అవ్వ నెత్తి మీద చిన్న మూట ఒకటి ఎప్పుడూ ఉండేది. మిగతా సామాను మగవాళ్లకు ఇచ్చేది గానీ దాన్ని ఇవ్వలేదు. ఆగిన చోట నేల మీద పెట్టేది కాదు, కొమ్మకు తగిలించేది. నేను అడగలేదు.

ఆరో తేదీ తెల్లవారుతుండగా వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టాం. అడవి కదా, ఇక నీడే అనుకున్నాను. ఏప్రిల్‌లో నల్లమల ఆకురాల్చి ఉంటుంది. టేకు, మద్ది కొమ్మలు బోసిగా, కింద ఎండాకులు కరకరలాడుతూ. ఒక్క నిప్పురవ్వ చాలు. లోపలికి పోయేముందే అగ్గిపెట్టెలు, బీడీలు వద్దని చెప్పారు. ఇది పులుల అడవి, గుంపు విడిచి చీకట్లో నడవొద్దన్నారు. అంటే రోడ్డు మీద మమ్మల్ని కాపాడిన రాత్రి నడక ఇక్కడ లేదు. పొద్దున చల్లదనం ఉన్నంతసేపు ఇప్పపూల వాసన దారి పొడుగునా వచ్చింది. ఆ పూల కోసం ఎలుగ్గొడ్లు వస్తాయని మామ చెప్పాడు. నాగలూటిలో వీరభద్రస్వామికి దండం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం. పది దాటాక రాళ్లు కాలిన పెనంలా అయ్యాయి. పై నుంచి ఎండ, కింద నుంచి సెగ, గాలి లేదు.

పెచ్చెరువు చేరేసరికి నడుస్తున్నది నా కాళ్లేనా అనిపించింది. భక్తుల కోసం పెట్టిన నీళ్ల ట్యాంకు దగ్గర పెద్ద వరుస. అక్కడ ఒక చెంచు పెద్దాయన, మల్లన్న తమకూ అల్లుడేనని చెప్పాడు. అవ్వకు నేను ఆ మాట కన్నడంలో చెబితే, "అయితే మనం బంధువులం" అని ఆయనకు సగం రొట్టె ఇచ్చింది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ దారి పక్కన పడేసిన ప్లాస్టిక్ బాటిళ్లు, గ్లాసులు చూస్తే కడుపు రగిలిపోయింది. జింకలు, దుప్పులు నీళ్లు తాగే చోట కూడా అవే. ఆడపడుచు ఇంటికి పోతూ ఆమె వాకిట్లో చెత్త పోస్తామా? నా బాటిల్ ఒక్కటే ఏడు రోజులూ సరిపోయింది. అందరికీ సరిపోతుంది. ఒక చెంబు ఉంటే అసలు బాటిలే అక్కర్లేదు.

ఏడో తేదీ భీముని కొలను. లోయలోకి దిగడం, మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కడం. దిగేటప్పుడు మోకాళ్లు వణికాయి. కింద కొలను దగ్గర నీళ్లు కొంచెమే ఉన్నాయి, ఆ తడికే లోయ బతికున్నట్టుంది. ఎక్కేటప్పుడు పది మెట్లకోసారి ఆగాను. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని చదివాను. ఆ మాట అక్కడ గుర్తొచ్చి, ఎండలో ఆ రాళ్లు మోసిన కూలీలకు మనసులో దండం పెట్టుకున్నాను. అవ్వ నాకంటే ముందే పైకి చేరింది. ఎలాగంటే, ఆమె ఎక్కడా వేగం పెంచలేదు, ఎక్కడా కూర్చోలేదు. కైలాసద్వారం కింద నిలబడి వెనక్కి తిరిగి చూస్తే లోయంతా ఎండలో తెల్లగా మెరుస్తోంది. నాకు ఏడుపొచ్చింది. మామ ఏమీ అనకుండా తువ్వాలు ఇచ్చాడు.

హాటకేశ్వరం దాటి, పొద్దుగూకాక శ్రీశైలం చేరాం. ఊరంతా జనం. ఆరుబయట గోనెసంచులు పరుచుకుని కూర్చున్నాం. అప్పుడు అవ్వ ఆ మూట విప్పింది. ప్లాస్టిక్ కవరు, దాని లోపల పాత గుడ్డ, ఆ గుడ్డలో మడత నలగని ఇల్కల్ చీర, బాగల్‌కోట వైపు నేసేది. ఎర్ర కొంగు. చేత్తో నేసిందని చూడగానే తెలిసింది. ఏడు రోజులూ కాదు, ఆమె మా కంటే ఎన్నో రోజుల ముందు బయలుదేరింది, అన్ని రోజులూ ఆ ఎండలో నెత్తిన మోసింది.

చీరను నా ముందుకు చాపి, "చెమట వాసన పట్టిందేమో చూడు తమ్మా, నా ముక్కు పని చేయడం లేదు" అంది. భయంగా అడిగింది.

చేతులు కడుక్కుని వచ్చి చీర అందుకున్నాను. కొంగు, అంచు, మడతల లోపల, అంతా వాసన చూశాను. పసుపు వాసన వచ్చింది, కొంచెం గంజి వాసన.

"లేదవ్వా" అన్నాను.